బరువు మోసేది షాకబ్జర్ కాదు

పాత అంబాసిడర్ ముందు సస్పెన్షన్‌ను విప్పి తిరిగి కట్టడంలో ఉన్న భౌతికశాస్త్రం

పాత అంబాసిడర్ ముందు వైపు ఒక పక్కకి ఒరిగి, గుంటలో పడ్డప్పుడల్లా టక్కుమంటుంటే యజమాని షెడ్డుకు వెళ్లి చెప్పే మాట ఒకటే: ‘షాకబ్జర్లు పోయినట్టున్నాయి, మార్చేయండి.’ పని తెలిసిన మేస్త్రి వెంటనే సరే అనడు. బండి ఒరగడానికీ షాకబ్జర్‌కీ సంబంధం లేదు. ఆ చప్పుడుకున్న అనేక కారణాల్లో మాత్రం అదొకటి కావచ్చు. కొత్త షాకబ్జర్లు వేయించినా బండి ఒరిగే ఉంటుంది, చప్పుడు చాలాసార్లు అలాగే ఉంటుంది, డబ్బు మాత్రం ఖర్చవుతుంది.

ముందు సస్పెన్షన్ చేసే పనులు మూడు. బండి బరువును మోయాలి. గతుకుల మీద పుట్టిన ఊపును అణచాలి. చక్రం ఎటు చూస్తోందో, ఎంత వాలిందో అదుపులో పెట్టాలి. ఇప్పటి కార్లలో ఈ పనులు చేసే భాగాలు ఒకే స్ట్రట్ చుట్టూ ఇమిడిపోవడంతో అవి వేర్వేరు పనులన్న సంగతే మనకు తట్టదు. అంబాసిడర్ కింద దూరి చూస్తే ఎవరి పని ఎవరిదో చాలావరకు విడివిడిగా కనిపిస్తుంది. ఏ పని చేసే భాగం అరిగిందో తేల్చుకోకుండా పానా పట్టడం దండగ.

మైనర్ నుంచి అంబాసిడర్ దాకా

అంబాసిడర్ ముందు చక్రాల అమరిక పుట్టింది ఇంగ్లండులో. 1948లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ మోటార్ షోలో మోరిస్ కంపెనీ మైనర్, ఆక్స్‌ఫర్డ్ అనే కొత్త కార్లను జనం ముందు పెట్టింది. వాటి వెనుక ఉన్న ఇంజనీరు అలెక్ ఇసిగోనిస్. ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్ స్మిర్నాగా ఉన్న రోజుల్లో, 1906లో అక్కడ పుట్టాడు. 1959లో మినీ కారుతో ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్నది ఈయనే. ఆక్స్‌ఫర్డ్ వరుసలో 1956లో వచ్చిన సిరీస్ 3 మన దేశానికి వచ్చి, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ చేతుల్లో అంబాసిడర్ అయింది. 1950ల చివర మొదలైన ఆ తయారీ 2014 మే దాకా సాగింది. మైనర్ కూడా ఇక్కడ కొంతకాలం ‘బేబీ హిందుస్థాన్’ పేరుతో అమ్ముడైంది. అందుకే బ్రిటన్‌లో మైనర్‌ను బాగుచేసుకునేవాళ్లూ, మన ఆటోనగర్‌లలో అంబాసిడర్‌ను నిలబెట్టేవాళ్లూ దాదాపు ఒకే రకం అరుగుదలతో తంటాలు పడుతుంటారు.

అంతకు ముందు తరం కార్లలో రెండు ముందు చక్రాలూ ఒకే ఇరుసుకు ఉండేవి. మన లారీలకు ఇప్పటికీ అదే పద్ధతి. దానితో వచ్చిన చిక్కు ఏమిటంటే, ఒక చక్రం గుంటలో పడితే ఇరుసుతో పాటు రెండో చక్రమూ వాలుతుంది. వేగంగా తిరుగుతున్న చక్రాన్ని పక్కకి వాల్చితే అది గైరోస్కోపు ధర్మం ప్రకారం కుడికో ఎడమకో మళ్లబోతుంది. వేగం పెరిగేకొద్దీ ఈ రెండు కదలికలూ ఒకదాన్నొకటి రెచ్చగొట్టి, స్టీరింగు చేతుల్లో నిలవకుండా గజగజలాడేది. 1930ల్లో ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలే అమరిక ఊపందుకోవడానికి ఇదొక ముఖ్య కారణం. జనరల్ మోటార్స్ 1934 మోడళ్లతో ఆ బాట పట్టింది. ఫెర్డినాండ్ పోర్షె 1931లోనే టార్షన్ బార్ స్ప్రింగుకు పేటెంటు కోరాడు. ఫ్రాన్సులో సిట్రొయెన్ 1934లో ట్రాక్షన్ అవాంట్ కారుకు టార్షన్ బార్లు పెట్టింది. ఇసిగోనిస్‌కు ఆ కారంటే ఎంతో గురి, మైనర్‌కూ ఆక్స్‌ఫర్డ్‌కూ టార్షన్ బార్లే పెట్టాడు.

మెలికలో ఉన్న బలం

టార్షన్ బార్ అంటే ఒక గుండ్రటి ఉక్కు కడ్డీ, అంతే. చుట్టలుండవు, పట్టీలుండవు. కారు కింద ముందు నుంచి వెనక్కి పొడవునా ఉంటుంది. వెనక కొసను ఛాసిస్ క్రాస్‌మెంబర్‌కు కదలకుండా బిగిస్తారు. ముందు కొసకు చెక్కిన పళ్లు, చక్రాన్ని కింద పట్టి ఉంచే ఆర్మ్‌లోకి (కింది ఆర్మ్) దిగుతాయి. చక్రం పైకి లేచినప్పుడు ఆర్మ్ తిరుగుతుంది, దానితో కడ్డీ తడిబట్ట పిండినట్టు మెలితిరుగుతుంది. ఒత్తిడి తగ్గగానే వెనక్కి వస్తుంది. బండి ముందు భాగం బరువంతా ఈ రెండు కడ్డీల మెలిక మీదే నిలబడి ఉంది.

దీని లెక్క కారు పుట్టకముందే తేలింది. ఫ్రెంచి ఇంజనీరు ఛార్ల్స్ కూలుంబ్ 1784లో సన్నటి లోహపు తీగల్ని మెలితిప్పి చూసి ఒక నియమం రాబట్టాడు. తీగ పొడవు పెరిగితే మెలితిప్పడం అదే నిష్పత్తిలో తేలికవుతుంది, వ్యాసం పెరిగితే మాత్రం దాని నాలుగో ఘాతంలో కష్టమవుతుంది. మరుసటి ఏడే ఆ నియమం మీద కట్టిన మెలిక త్రాసుతో విద్యుదావేశాల మధ్య బలాన్ని కొలిచాడు. 1798లో హెన్రీ కావెండిష్ భూమి సాంద్రత కొలిచిందీ అలాంటి త్రాసుతోనే. అక్కడ గాలి కదిలినా చెదిరే తీగ, ఇక్కడ బండి బరువు మోసే కడ్డీ. నియమం ఒక్కటే.

నాలుగో ఘాతం అంటే ఎంత తేడానో చూడండి. కడ్డీ వ్యాసం పదో వంతు తగ్గితే దాని బిగువు మూడో వంతు కంటే ఎక్కువే పోతుంది. అందుకే కంపెనీ ఇచ్చిన కొలత కాకుండా ‘కాస్త అటూ ఇటూగా’ ఉన్న కడ్డీ వేస్తే బండి నడక మొత్తం మారిపోతుంది. ప్రీమియర్ పద్మిని ముందుండే చుట్టల స్ప్రింగులోనూ ప్రధానంగా జరిగేది మెలికే. స్ప్రింగు నొక్కుకుంటున్నట్టు బయటికి కనిపిస్తుంది, లోపల తీగ మెలితిరుగుతుంటుంది. ఆ తీగను చుట్టకుండా తిన్నగా పడుకోబెడితే టార్షన్ బార్.

మరి ఏళ్లు గడిచాక బండి ఎందుకు దిగబడుతుంది? ఉక్కు బిగువు తగ్గిపోయి కాదు. మెలితిరిగే గుణాన్ని నిర్ణయించే దృఢత్వ గుణకం ఉక్కుకు వయసుతో మారదు. మారేది కడ్డీ విశ్రాంతి స్థానం. దశాబ్దాల పాటు ఒకే వైపు బరువు మోసి మోసి కొద్దిపాటి మెలిక దానిలో శాశ్వతంగా నిలిచిపోతుంది. దీన్ని సరిదిద్దే వీలు ముందే ఉంది: వెనక కొస బిగింపును కొద్దిగా తిప్పి మళ్లీ బిగిస్తే ఆ పక్క పైకి లేస్తుంది. ఇలా ఎత్తితే స్ప్రింగు గట్టిపడిందని చాలామంది అనుకుంటారు. గట్టిపడదు. పొడవూ వ్యాసమూ మారనంతవరకు బిగువు అంతే ఉంటుంది. మారేది ఎత్తు ఒక్కటే.

బిగువు మారకపోవడం మంచిదే. స్ప్రింగు మీద బండి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్నది, బరువు వల్ల ఆ స్ప్రింగు ఎంత దిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. 25 సెంటీమీటర్లు దిగితే సెకనుకు ఒకసారి, 15 సెంటీమీటర్లు దిగితే సుమారు 1.3 సార్లు. ఈ రెండింటి మధ్య వేగంలో ఊగితే మనిషి ఒంటికి హాయి. అంతకంటే బాగా గట్టి స్ప్రింగు వేస్తే ప్రతి గతుకూ నడుముకు తెలుస్తుంది.

కడ్డీల విషయంలో మరిచిపోకూడని సంగతి ఇంకోటుంది. ఫ్యాక్టరీలోనే ప్రతి కడ్డీనీ అది పనిచేయబోయే దిశలో హద్దు దాటేదాకా మెలితిప్పి వదులుతారు. దానితో పైపొర కొంచెం లొంగిపోతుంది. వదిలాక లోపలి భాగం వెనక్కి లాగడం వల్ల ఆ పైపొరలో బరువుకు ఎదురు తిరిగే ఒత్తిడి నిలిచిపోతుంది. మెలికలో అత్యధిక భారం పడేది పైపొర మీదే కాబట్టి ఈ ఏర్పాటు కడ్డీ ఆయుష్షు పెంచుతుంది. కానీ కుడి కడ్డీని ఎడమకు వేస్తే అదే ఒత్తిడి బరువుతో చేతులు కలుపుతుంది. కొస మీద కొట్టిన గుర్తు చూసి ఏ పక్కది ఆ పక్కకే వేయాలనేది అందుకే. పైపు పానాతో కడ్డీ నడుము పట్టి తిప్పకూడదనడానికీ కారణం ఆ పైపొరే. పానా పళ్లు చేసిన చిన్న గీతలోంచి గానీ, తుప్పు తిన్న గుంట నుంచి గానీ మొదలైన పగులు లక్షల మెలికల తరవాత ఒకనాడు కడ్డీని పుటుక్కున తెంచుతుంది.

మర మీద నిలిచిన చక్రం

బరువు మోసే భాగం ఇంత నిబ్బరమైనది. ప్రాణం మీదికి తెచ్చేది వేరే ఉంది: ట్రన్నియన్.

చక్రం పైకీ కిందికీ కదలాలి, స్టీరింగుతో పక్కలకూ తిరగాలి. ఇప్పటి కార్లలో ఈ రెండు పనులూ బాల్ జాయింటు చేస్తుంది. మైనర్‌లోనూ పాత అంబాసిడర్‌లోనూ ఆ పని నిలువుగా ఉండే స్వివెల్ పిన్నుది. దాని రెండు కొసలకూ మరలుంటాయి. పైన ఒకటి, కింద ఒకటి ట్రన్నియన్లు ఆ మరలకు నట్టుల్లా పట్టి ఉంటాయి. స్టీరింగు తిప్పినప్పుడు పిన్ను ఆ మరలోనే తిరుగుతుంది. చక్రం ఇటు చివరి నుంచి అటు చివరిదాకా తిరిగినా అది పూర్తి చుట్టులో చిన్న భాగమే కనుక పిన్ను ఎక్కేదీ దిగేదీ మిల్లీమీటరు లోపే. ఇక్కడ మర బిగింపు కోసం కాదు, బేరింగుగా పనిచేయడం కోసం ఉంది. సాదా గొట్టం కంటే మరకు తాకే ఉపరితలం ఎక్కువ, నిలువు బరువును మోయగలదు, పళ్ల మధ్య గ్రీజు నిలుస్తుంది. గ్రీజు ఉన్నన్నాళ్లూ చక్కటి ఉపాయం.

బరువు దారి ఎటో చూస్తే ప్రమాదం ఎక్కడుందో తెలుస్తుంది. టార్షన్ బార్ కింది ఆర్మ్‌ను కిందికి నొక్కుతుంది. నేల చక్రాన్ని, దానితో స్వివెల్ పిన్నునూ పైకి నెడుతుంది. ఈ రెండు బలాలూ ఎదురుపడేది కింది ట్రన్నియన్ మర దగ్గరే. అంటే ఆ పక్క బరువంతా పిన్నును ట్రన్నియన్‌లోంచి పైకి ఊడబెరకాలని చూస్తూ ఉంటుంది. ఆపుతున్నది మర పళ్లు మాత్రమే. వాన నీళ్లూ దుమ్మూ లోపలికి చేరి గ్రీజు ఎండిపోతే పళ్లు పలచబడతాయి. చివరికి ఒక గుంటలోనో, మలుపులోనో మర జారిపోతుంది. చక్రం బండి కిందికి మడుచుకుపోతుంది, ముందు భాగం రోడ్డుకు తగులుతుంది.

అందుకే పరీక్ష సరిగ్గా చేయాలి. జాకీని ఛాసిస్ కింద పెట్టి చక్రం ఊపితే లూజు బయటపడకపోవచ్చు. ఆర్మ్ వేలాడుతున్నా కడ్డీ దాన్ని కిందికి నొక్కుతూనే ఉంటుంది కాబట్టి అరిగిన పళ్లు కూడా ఒకదాన్నొకటి అదుముకునే ఉంటాయి. జాకీని కింది ఆర్మ్ కింద, చక్రానికి వీలైనంత దగ్గరగా పెట్టాలి. అప్పుడు కడ్డీ ఒత్తిడి జాకీ మీదికి పోయి మరకు విరామం దొరుకుతుంది. టైరు కింద గడ్డపార పెట్టి పైకి ఎత్తుతూ వదులుతూ ట్రన్నియన్ దగ్గర వేలు పెడితే పళ్ల మధ్య ఆట వేలికే తెలుస్తుంది. టైరును పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు లూజు కనిపిస్తే ఒకరిని బ్రేకు తొక్కమనండి. తొక్కగానే లూజు మాయమైతే అది వీల్ బేరింగుది. మాయం కాకపోతే ట్రన్నియన్ల వైపు చూడాలి. గ్రీజు కొట్టడానికీ జాకీ ఇలాగే ఉండాలి. బరువు మీద ఉన్నప్పుడు మరలో భారం మోసే ముఖాలు అతుక్కుని ఉంటాయి, కొత్త గ్రీజు వాటి మధ్యకు పోదు. పాత నల్లటి గ్రీజు బయటికొచ్చి, వెనకే కొత్తది కనిపించేదాకా గన్ను నొక్కాలి.

విప్పే క్రమం

పానా పట్టకముందు టేపు పట్టాలి. సమతలమైన నేల మీద, టైర్లలో సరైన గాలితో, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా రెండు పక్కలా ఎత్తు కొలిచి రాసుకోవాలి. కడ్డీ పళ్లు ఆర్మ్‌లో ఏ స్థానంలో దిగాయో సెంటర్ పంచ్‌తో గుర్తు పెట్టుకోవాలి. ఒక పన్ను తేడాతో బిగిస్తే బండి ఎత్తు మారిపోతుంది.

తరవాత జాగ్రత్త మెలికలో దాచిన శక్తి గురించి. ఒక ముందు చక్రం మీద సుమారు 300 కిలోల బరువుండి, స్ప్రింగు 15 సెంటీమీటర్లు దిగి ఉందనుకుంటే కడ్డీలో దాదాపు 225 జౌళ్ల శక్తి ఉంటుంది. 23 కిలోల బరువును ఒక మీటరు ఎత్తుకు లేపడానికి పట్టే శక్తి అది. అజాగ్రత్తగా బోల్టు లాగితే అదంతా ఒక్క క్షణంలో ఆర్మ్‌లోంచి బయటపడుతుంది. కాబట్టి బండిని ఛాసిస్ కింద స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రం తీసి, జాకీని కింది ఆర్మ్ కింద ఆనించి ఉంచాలి. ఆ తరవాతే పై లింకు విప్పాలి. జాకీని మెల్లమెల్లగా దించుతూ పోతే మెలిక కొంచెం కొంచెంగా వదులుతుంది. కడ్డీ పూర్తిగా వదులైందని చేత్తో చూశాకే మిగతా పని.

అన్నీ విప్పాక కిరసనాయిలుతో కడిగి, వైరు బ్రష్షుతో రుద్ది చూడాల్సింది భాగాల్ని మాత్రమే కాదు, అవి బిగిసి ఉన్న చోటును కూడా. టార్షన్ బార్ అమరికలో భారం కారు ముక్కు మీద కాకుండా నేలపలక కిందున్న క్రాస్‌మెంబర్ మీద పడుతుంది. ముందు ఇంజనుకు చోటు మిగలడం దీని లాభం. ఆ క్రాస్‌మెంబర్ కొసలు తుప్పు తింటే మాత్రం కొత్త కడ్డీ వేసినా పట్టుకోడానికి గట్టి చోటుండదు.

కొత్త ట్రన్నియన్‌ను పిన్ను మీద చేత్తో ఎక్కించి చూడాలి. బిగుసుకోకుండా, పక్కలకు ఊగకుండా తిరగాలి. కుడి ఎడమల భాగాలు వేర్వేరు, కలిపేయకూడదు. పాత పిన్ను మీద కొత్త ట్రన్నియన్ వేసి డబ్బు మిగుల్చుకోవాలని చూస్తే అరిగిన మర కొత్త మరను తొందరగానే తినేస్తుంది. బిగించేటప్పుడు ట్రన్నియన్‌ను చివరిదాకా ఎక్కించి, స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిరిగేంత వెనక్కి విప్పాలి. లేదంటే ఒక వైపు తిప్పినప్పుడు మర అడుగున తగిలి పట్టేస్తుంది.

నూనె, రబ్బరు

పాత అంబాసిడర్ షాకబ్జర్ నిలువు గొట్టం కాదు. ఒక చేయి ఉన్న ఇనుప పెట్టె. చక్రం కదిలితే చేయి ఊగుతుంది, లోపలి పిస్టన్లు నూనెను సన్నటి వాల్వుల్లోంచి నెడతాయి. ఊపులో ఉన్న శక్తి నూనెలో వేడిగా మారి గాలిలో కలుస్తుంది. బండి ఊగడం ఆగేది అందుకే. బండి ఆగి ఉన్నప్పుడు షాకబ్జర్ ఏమీ మోయదు, కదలిక ఉంటేనే దానికి బలం.

అయితే ఈ పెట్టె చేయే చక్రానికి పై ఆర్మ్ కూడా. ఇక్కడ రెండో పనీ మూడో పనీ కలిసిపోయాయి. చేయి తిరిగే ఇరుసు దగ్గర బుష్షు అరిగితే ఊపు అణచడం ఎలా ఉన్నా చక్రం వాలు మారిపోతుంది, టైరు ఒక అంచునే అరుగుతుంది. కాబట్టి విప్పిన షాకబ్జర్‌ను వైస్‌లో పట్టి రెండు పరీక్షలు చేయాలి. చేయిని పైనుంచి కిందికి కదిపితే మొదటి నుంచి చివరిదాకా ఒకే బరువు తగలాలి. మధ్యలో ఖాళీగా జారితే నూనె తగ్గి గాలి చేరిందని అర్థం. చేయిని పక్కలకు ఊపితే ఏమాత్రం ఆట ఉండకూడదు. మొదటి లోపానికి మందు సరైన డ్యాంపర్ ఆయిల్. మూత చుట్టూ తుడవకుండా తెరిస్తే ఇసుక రేణువు వాల్వులో ఇరుక్కుంటుంది. రెండో లోపానికి నూనె పోస్తే లాభం లేదు, లోపల పని చేయించాలి, లేదా మార్చాలి. తరవాతి కాలపు అంబాసిడర్లకు గొట్టం రకం షాకబ్జర్లు వచ్చాయి.

రబ్బరు బుష్షులది ఇంకో కథ. కింది ఆర్మ్ తిరిగే చోట రబ్బరు జారదు, తనే మెలితిరుగుతుంది. అందుకే దానికి గ్రీజు అక్కర్లేదు. పైగా ఖనిజ తైలం తగిలితే సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఎక్కించడం కష్టంగా ఉంటే సబ్బునీళ్లు చాలు.

చాలా షెడ్లలో తప్పు జరిగేది ఈ బుష్షుల బిగింపు దగ్గరే. చక్రం వేలాడుతుండగా, స్టాండ్ల మీదే బోల్టు పూర్తిగా బిగించేస్తారు. ఆ స్థితిలో పట్టుబడిన రబ్బరు, బండి నేల మీదికి దిగగానే ఒక వైపు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది. గతుకు వచ్చినప్పుడు ఆ మెలిక ఇంకా పెరిగి కొన్ని నెలల్లోనే చిరుగుతుంది. అంతేకాదు, మెలితిరిగిన రబ్బరు తానూ ఒక చిన్న టార్షన్ స్ప్రింగై బండిని కాస్త పైకి పట్టి ఉంచుతుంది, ఎత్తు కొలత తప్పుతుంది. సరైన పద్ధతిలో నట్లను ముందు వదులుగా పెట్టి, చక్రాలు బిగించి, బండిని నేల మీదికి దించాలి. ముందుకీ వెనక్కీ కాస్త దొర్లించి, బానెట్ నొక్కి రెండు మూడుసార్లు ఊపి, బండి తన బరువుకు కుదురుకున్నాక అదే స్థితిలో కిందికి దూరి బిగించాలి. స్ప్లిట్ పిన్నులు కొత్తవే వేయాలి.

ఎత్తు ముందు, అలైన్‌మెంట్ తరవాత

చివరికి మిగిలేది కొలతల పని. దీనికీ ఒక క్రమం ఉంది. ఆర్మ్ పైకీ కిందికీ కదిలేటప్పుడు చక్రం ఒక వంపులో పోతుంది, స్టీరింగు టై రాడ్ కొస ఇంకో వంపులో పోతుంది. సరైన ఎత్తులో ఈ రెండు వంపులూ దాదాపు ఒకటిగా ఉండేలా రూపకల్పన చేస్తారు. బండి దిగబడితే అవి విడిపోతాయి. అప్పుడు స్టీరింగు కదపకపోయినా గతుకు గతుకుకీ చక్రం దానంతటదే కాస్త మళ్లుతుంది. కాబట్టి ముందు ఎత్తు రెండు పక్కలా సరిచేసి, ఆ తరవాతే టో-ఇన్ చూడాలి. అలైన్‌మెంట్ చేయించి వచ్చాక ఎత్తు మార్చితే ఆ డబ్బు పోయినట్టే. ఇలాంటి కార్లలో చక్రాల ముందు అంచులు వెనక అంచుల కంటే రెండు మూడు మిల్లీమీటర్లు దగ్గరగా ఉండేలా టో-ఇన్ పెడతారు. మైనర్‌లో కాంబర్, కాస్టర్ కోణాలను సర్దడానికి వేరే ఏర్పాటే లేదు. ట్రన్నియన్లూ బుష్షులూ షాకబ్జర్ చేయీ సరిగా ఉంటే ఆ కోణాలు వాటంతటవే సరిపోతాయి. అవి తప్పాయంటే ఏదో అరిగింది లేదా వంగింది. అలైన్‌మెంట్ యంత్రం దగ్గర దానికి మందు లేదు.

డబ్బు పరిమితంగా ఉంటే దేనితో మొదలుపెట్టాలన్న ప్రశ్నకు కూడా జవాబు ఈ లెక్కల్లోనే ఉంది. విఫలమైతే చక్రమే ఊడే భాగం కనుక మొదటి ఖర్చు ట్రన్నియన్లకూ స్వివెల్ పిన్నులకూ. తరవాత చవకైన రబ్బరు బుష్షులు, ఎలాగూ అన్నీ విప్పి ఉంటాయి కాబట్టి. షాకబ్జర్లు పరీక్షలో ఓడితేనే. టార్షన్ బార్లు పగులో తుప్పు గుంటో కనిపిస్తే తప్ప అసలు కొననక్కర్లేదు, వెనక కొస సర్దితే చాలు. అన్నీ అయిన వారం పది రోజులకు నట్లు మరోసారి చూసి, ఎత్తు మళ్లీ కొలవాలి. ఆపైన వెయ్యి, రెండు వేల కిలోమీటర్లకోసారి జాకీని ఆర్మ్ కింద పెట్టి గ్రీజు కొట్టాలి. గ్రీజు నిపుల్ అక్కర్లేని ఇప్పటి బాల్ జాయింటు అరిగితే తీసి పారేయడమే. ఈ పాత మర మాత్రం గ్రీజు అందినన్నాళ్లు మాట తప్పదు. అందకపోతే మాత్రం క్షమించదు.